కువైట్ వంటింటి చుట్టరికాలు

ఇట్లా వచ్చి పొయ్యి కాడ కూర్చో అమ్మీ. నీకు ఐర్లాండులో చదువు ఖాయమైందని ఊరంతా సంబరపడతాంటే, నువ్వేమో "ఆడ నాకెవరున్నారు జేజీ" అని మొన్నటి నుంచి ఒకటే పాట. ఎవరుంటారు? ముందే పోయి నీకోసం చాప పరిచి కూర్చుంటారా? ఆ ఫోను పక్కన పెట్టు. కరెంటు వచ్చేసరికి ఎట్లా పొద్దుపోతుంది, తొందరేం లేదు.

ఇప్పుడు తుమ్మలపల్లె అంటే అందరూ యురేనియం గని అంటారు. దానికి శంకుస్థాపన చేసింది 2007లో, నిన్నమొన్నటి సంగతి. మా కాలంలో ఈడ ఉండింది చెనిక్కాయ చేలు, ఎండ, అప్పులు. ముగ్గురాయి గనుల్లో పని దొరికితే దొరికినట్టు, లేకుంటే లేదు. ఆడమనిషికి దినానికి నాలుగు రూపాయలు చేతిలో పెట్టే రైతును ధర్మాత్ముడు అనేవాళ్లం. అదే కువైట్‌లో ఇంటి పనికి నెలకు 30 దినార్లు. 1984లో దినారు మన 40 రూపాయలకు అటూ ఇటూ ఉండేది. లెక్క నువ్వే వేసుకో, ఇంజనీరువు కదా.

మన కడప జిల్లాకు కువైట్ కొత్త కాదులే. రాయచోటి, రాజంపేట పక్క నుంచి ఎంతమంది పోయినారో! మాకంటే ముందోళ్లు బొంబాయిలో ద్వారక అనే ఓడెక్కి, కరాచీ మీదుగా రేవురేవుకూ ఆగుతా పోయేవాళ్లు. ఆ ఓడ 1982 దాకా తిరిగింది. నేను పోయేనాటికి విమానమే. పోయొచ్చినోళ్ల వైభోగం నువ్వు చూసుండాల్సింది. మే నెలలో, రాళ్లు పగిలే ఎండలో, మన వీధిలో ఒకాయన ఉన్ని కోటు తొడుక్కుని పులివెందుల బస్టాండులో దిగినాడు. చెమట ధారలు కడతాన్నా కోటు విప్పలేదు. భుజాన టేప్‌రికార్డరు, కళ్లకు నల్లద్దాలు. ఆడ ఏం పని నాయనా అంటే "కంపెనీ" అన్నాడు. ఎడారిలో గొర్రెలు కాసినాడని నాకు ఆడికి పోయినాక తెలిసింది. ఈడ కాసినా గొర్రెలే, ఆడ కాసినా గొర్రెలే, చెప్పుకోవడానికి సిగ్గెందుకు? దూరపు కొండలు నునుపు అంటారు గానీ, ఆ నునుపు చెక్కేది పోయొచ్చినోళ్లే అమ్మీ.

సరే, కోటాయన సంగతి కోటాయనకు. ముద్దనూరులో బొంబాయి రైలెక్కి, ఏజెంటు చూపించిన గదిలో ఊరుపేరు తెలియని ఆడోళ్ల మధ్య పడుకుని, ఎట్లనో ఆడికి చేరినాను. ఆ ఇంట్లో సింహళ ఆమె ఒకతి, ఫిలిప్పీన్ పిల్ల ఒకతి, మలయాళీ డ్రైవరు ఒకాయన. నలుగురివి నాలుగు భాషలు. మా వంటగదిలో కొన్నాళ్లు గిన్నెల చప్పుడు తప్ప మనిషి మాట లేదు.

ఒకరోజు మధ్యాన్నం నా పెట్టెలోంచి మామిడికాయ ఊరగాయ జాడీ తీసి, వాసెన గుడ్డ విప్పినాను. ఆవపిండి, వెల్లుల్లి వాసన గుప్పున లేచి లోపలి గదుల దాకా పోయింది. ఇంటి ముసలమ్మ కర్ర పొడుచుకుంటా వచ్చింది. తిడుతుందేమో అనుకుంటే, జాడీ మీదికి వంగి, కళ్లు మూసుకుని వాసన పీల్చింది. చిటికెన వేలితో ఇంత తీసుకుని నాలిక మీద రాసుకుంది. చప్పరించింది. "బొంబాయి" అనింది. వాళ్ల నాయన ఓడ నడిపిన మనిషి. నూనె బావులు పడకముందు వాళ్ల బతుకంతా ముత్యాలు, ఓడలే కదా. కర్జూరం వేసుకుని బొంబాయికి, మలబారుకు వచ్చి, టేకు దుంగలు, బియ్యం తీసుకుపోయేవాళ్లు. అట్లా పోయే ఓడలో ఊరగాయ జాడీలూ ఉండేవంట. నీకు ఇంకో సంగతి చెప్తా, నమ్ముతావో లేదో: 1961 దాకా కువైట్‌లో చెల్లింది మన రూపాయే! ఆ దేశాల కోసమని మన రిజర్వు బ్యాంకు 1959లో వేరే రంగు నోట్లు కూడా అచ్చు వేసింది. దినారు ఆ తర్వాత పుట్టింది. ముసలమ్మకు నాలుగు హిందీ ముక్కలు వచ్చు, మన ఊరి సాయిబుల ఇళ్లలో విని నేర్చిన ఉర్దూ ముక్కలు నాకు ఆరు వచ్చు. ఆ పది మాటలతోనే మా మధ్య ముచ్చట్లు మొదలైనాయి.

ఆ సాయంత్రమే సింహళామె చిన్న గిన్నె పట్టుకొచ్చి జాడీ వైపు చూపించింది. పెట్టినాను. మర్నాడు ఆ గిన్నె ఉత్తదిగా తిరిగి రాలేదు. కొబ్బరి తురిమి, ఎండుమిరపకాయలు, ఉల్లిపాయ నూరి, నిమ్మకాయ పిండిన సంబల్‌తో వచ్చింది. డ్రైవరును అడిగి చెనిక్కాయలు తెప్పించి నేను ఊరిబిండి చేసినాను. ఫిలిప్పీన్ పిల్ల దాన్ని రొట్టెకు పూసుకుని తినింది! చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈడ మనం పొరుగింటికి మజ్జిగకు పోతాం, మన ఇంట్లో లేకనా? వాళ్ల గిన్నెలో నాలుగు వంకాయలు వేసి పంపుతాం. ఆ గిన్నె తిరిగినన్నాళ్లు రెండిళ్లకూ మాట ఉంటుంది. అందుకే చెప్తాండా, నువ్వు పోయిన వారంలోపల పక్క గది పిల్లను ఏదో ఒకటి అడుగు. సూదీదారమో, గరిటెనో, బస్సు దారో. అడిగితే చులకనైపోతాం అనుకునేవాళ్లు పరాయి దేశంలో గోడలతో మాట్లాడుకోవాల్సిందే.

శుక్రవారం సెలవిచ్చే ఇంట్లో ఉన్నోళ్లం మాలియాకు పోయేవాళ్లం. మన తెలుగోళ్లు చేరే చోటు అది. చదువొచ్చిన వాళ్ల చుట్టూ ఉత్తరాలు రాయించుకునేవాళ్లు మూగేవాళ్లు. ఈడ ఒకరింట్లో ఒకరు నీళ్లు ముట్టని కులాలోళ్లు ఆడ ఒకే తట్టలో చెయ్యి పెట్టి తిన్నారు. సెలవుకు ఊళ్లో దిగితే మళ్లా ఎడమొహం పెడమొహం. ఆ పిచ్చి నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. మీ అబ్బ క్యాసెట్టులో ఇంటి సంగతులతో పాటు మన బర్రె అరుపు కూడా పట్టి పంపినాడు. సింహళామె ఆ అరుపు దగ్గరికే టేపు తిప్పి తిప్పి వినేది. వాళ్లూ పాడి ఉన్నోళ్లేనంట.

అందరికీ నాకు దొరికినట్టు ఇల్లు దొరకలేదు అమ్మీ, అది నీకు దాచను. పాస్‌పోర్టు గుంజుకుని, జీతం ఎగ్గొట్టి, గడప దాటనియ్యని ఇండ్లు చాలా ఉండేవి. పాస్‌పోర్టు పెట్టుకోకూడదని, వారానికి ఒకదినం సెలవియ్యాలని ఆ దేశం చట్టం చేసింది 2015లో. ఎంతమంది ఏడ్చినాక!

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చి పడింది. ఇంటివాళ్లు సౌదీ వైపు పోతా, బియ్యం గది తాళం మా చేతికిచ్చినారు. మేం నలుగురం ఒకే పొయ్యి మీద వండుకుని కొన్నాళ్లు లాక్కొచ్చినాం. తర్వాత ఏ దేశం వాళ్లు ఆ దేశం వరసలో నిలబడాల్సి వచ్చింది. నేను బస్సులో బాగ్దాదు మీదుగా జోర్డానుకు పోయినాను. దారిలో నీళ్ల లారీ వస్తే, వెనకాల ఉన్నోళ్లకు కూడా అందాలని ముందరోళ్లు సగం సీసా పట్టుకుని జరిగినారు. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలు 488 సార్లు తిరిగి లక్ష మందికి పైగా మనోళ్లను తెచ్చినాయి. 2016లో దాని మీద హిందీ సినిమా తీసినారు, నువ్వు చూసినావుగా. దాంట్లో ఒక హీరో ఉన్నాడు. నా కంటికి మటుకు ఆ సగం సీసాతో జరిగినోళ్లే హీరోలు.

యుద్ధం అయిపోయినాక ముసలమ్మ కబురు పంపింది, వీసా వచ్చింది, మళ్లా పోయినాను. తగలబడిన నూనె బావుల మసి ఇంకా గోడల మీదనే ఉండింది. సింహళామె అయిపు లేదు. కనపడిన ప్రతి సింహళ ఆడమనిషినీ నిలబెట్టి "కురునేగల, కురునేగల" అని ఆమె ఊరి పేరు చెప్పి అడిగినాను. కడకు ఆ ఊరామె ఒకతి, ఫహాహీల్‌లో పని చేస్తాందని చెప్పింది. వెతుక్కుంటా ఆడికి పోయినాను. నన్ను చూడంగానే ఆమె కావిలించుకోలేదు, ఉత్తరం ఎందుకు రాయలేదని అంగట్లోనే దులిపేసింది.

ఇప్పుడు ఆమె కురునేగలలో, నేను ఈడ. నువ్వే కదా ఫోనులో బొమ్మ కనపడేట్టు పెట్టిచ్చింది. మా అరబీ విని నువ్వు పొట్ట పట్టుకుని నవ్వుతావు. నవ్వుకో. మాకొచ్చిన మాటలన్నీ వంటింటివే, ఉప్పు, బియ్యం, నీళ్లు, పొయ్యి, మాడింది, ఉడికింది. వాటితోనే ఆమె మొగుడు పోయిన సంగతి చెప్పింది, నేను మీ నాయన పెండ్లి సంగతి చెప్పినాను. మొన్న నీ ఐర్లాండు సంగతి కూడా చెప్పినా. చలి దేశమంట కదా, పిల్లకు ఊరిబిండి చేసి పంపు అనింది.