కార్డు ఉన్నా కౌంటర్ దగ్గర ఎందుకు ఆపుతారు? యూఏఈ ఆరోగ్య బీమాను ఆసుపత్రి వైపు నుంచి చూద్దాం

జ్వరంతోనో, నడుం నొప్పితోనో ఆసుపత్రికి వెళ్తారు. కౌంటర్‌లో ఉన్నవాళ్లు ముందు ఎమిరేట్స్ ఐడీ అడుగుతారు. కంప్యూటర్‌లో ఏదో చూసి, "కూర్చోండి, అప్రూవల్ రావాలి" అంటారు. గంట గడుస్తుంది. "ఇన్సూరెన్స్ ఉండి ఏం లాభం?" అనుకుని చాలామంది క్యాంపుకు తిరిగి వచ్చేస్తారు, మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుని మింగేస్తారు. ఆ తిరిగి రావడమే ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది. ఆసుపత్రి నడిపేవాళ్లు ఏం లెక్క చూస్తారో తెలిస్తే మీరు అలా వెనక్కి రారు.

చట్టం ఎలా మారింది?

ఉద్యోగికి ఆరోగ్య బీమా తప్పనిసరి అని యూఏఈలో మొదట చట్టం చేసింది అబుదాబి, 2005లో. దుబాయ్ 2013లో 11వ నంబరు చట్టం తెచ్చి, దశలవారీగా అమలు చేసింది. షార్జా, అజ్మాన్, ఉమ్ అల్ క్వైన్, రస్ అల్ ఖైమా, ఫుజైరాల్లో పనిచేసే ప్రైవేటు ఉద్యోగులకు, ఇళ్లలో పనిచేసేవారికి 2025 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. ఈ ఐదు చోట్లా బీమా లేకపోతే కొత్త వీసా రాదు, పాతది రెన్యువల్ కాదు. బేసిక్ ప్యాకేజీ ధర ఏడాదికి 320 దిర్హమ్‌లు.

ఆ డబ్బు కట్టాల్సింది కంపెనీ. మీ జీతంలో కోయకూడదు.

ఆసుపత్రి లెక్క ఏమిటి?

బీమా లేని రోజుల్లో రోగి డబ్బు కట్టలేకపోతే ఆ బిల్లు ఆసుపత్రి మీద పడేది. ఇప్పుడు బీమా కంపెనీ కడుతుంది. ఇది ఆసుపత్రికీ మంచిదే. కానీ ఆ డబ్బు అప్పటికప్పుడు రాదు. చికిత్స చేసి, జబ్బుకూ పరీక్షకూ కోడ్ వేసి, క్లెయిమ్ పంపాలి. ఒక్క కాగితం తక్కువైనా బీమా కంపెనీ తిప్పి పంపుతుంది. నర్సుల జీతాలు మాత్రం నెల నెలా ఇవ్వాల్సిందే. అందుకే ఖరీదైన స్కానింగ్‌కు, ఆపరేషన్‌కు ముందే అనుమతి తీసుకుంటారు. కౌంటర్‌లో మిమ్మల్ని ఆపేది ఆ అమ్మాయి కోపంతో కాదు. ఆమె నాలుగు విషయాలు చూస్తుంది:

1. మీ పాలసీ ఈరోజుకి నడుస్తోందా?
2. ఈ ఆసుపత్రి మీ నెట్‌వర్క్‌లో ఉందా?
3. ఈ చికిత్సకు ముందే అనుమతి కావాలా?
4. మీ వాటా ఎంత?

మొదటి రెండూ మీరు ఆరోగ్యంగా ఉన్నప్పుడే తెలుసుకోవచ్చు. సెలవు రోజున బీమా కంపెనీ యాప్‌లోనో, కార్డు మీది నంబరుకు ఫోన్ చేసో మీ క్యాంపుకు దగ్గర్లోని నెట్‌వర్క్ క్లినిక్, ఆసుపత్రి పేర్లు అడిగి ఫోన్‌లో రాసిపెట్టుకోండి. చిన్న ప్యాకేజీకి నెట్‌వర్క్ కూడా చిన్నదే.

మీ జేబులోంచి ఎంత?

320 దిర్హమ్‌ల ప్యాకేజీలో లెక్క ఇది:

- డాక్టర్‌కు చూపించుకుంటే 25 శాతం మీది, కానీ ఒక్కసారికి 100 దిర్హమ్‌లు మించదు. బిల్లు 200 అయితే మీరు ఇచ్చేది 50. బిల్లు 600 అయినా 100 మాత్రమే.
- అదే జబ్బుకు ఏడు రోజుల్లోపు మళ్లీ వెళ్తే మీ వాటా ఉండదు.
- ఆసుపత్రిలో చేరితే 20 శాతం మీది. ఒక్కసారికి 500, ఏడాది మొత్తానికి 1,000 దిర్హమ్‌లు మించదు.
- మందుల్లో 30 శాతం మీది. మందులకు ఏడాదికి 1,500 దిర్హమ్‌ల పరిమితి ఉంది.
- షుగర్, బీపీ లాంటి పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ లేదు.

దుబాయ్‌లో నెలకు 4,000 దిర్హమ్‌లు లేదా అంతకన్నా తక్కువ జీతం ఉన్నవారికి వేరే బేసిక్ ప్లాన్ ఉంది. దాంట్లో ఏడాదికి 1,50,000 దిర్హమ్‌ల వరకు చికిత్స ఉంటుంది. మొదటిసారి చేరినవారి పాత జబ్బులకు ఆరు నెలలు ఆగాలి. ఎమర్జెన్సీకి ఆ షరతు లేదు.

ఎమర్జెన్సీలో ఆగొద్దు

ఛాతీ నొప్పి, ఊపిరి ఆడకపోవడం, మూతి వంకర పోవడం, ఎండదెబ్బకు స్పృహ తప్పడం లాంటివి వస్తే నెట్‌వర్క్ వెతకొద్దు. 998కి ఫోన్ చేయండి. ప్రాణాపాయంలో ముందు చికిత్స, తర్వాతే కాగితాలు. పొద్దున చూద్దాంలే అని గదిలో పడుకుంటే మీకూ నష్టం, రేపు అంతకన్నా పెద్ద కేసుగా చేర్చుకోవాల్సిన ఆసుపత్రికీ నష్టం.

మొదటి మాట జాగ్రత్త

పనిలో దెబ్బ తగిలితే డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి. "రూములో జారిపడ్డానని చెప్పు" అని సూపర్‌వైజర్ అన్నా ఒప్పుకోవద్దు. డాక్టర్ మొదట రాసిన కాగితమే తర్వాత సాక్ష్యం. పని ప్రమాదమైతే నయమయ్యే వరకు ఖర్చు యజమానిదే. చికిత్స కాలంలో ఆరు నెలల వరకు పూర్తి జీతం, అప్పటికీ నయం కాకపోతే మరో ఆరు నెలలు సగం జీతం ఇవ్వాలని కార్మిక చట్టం చెబుతోంది. కాగితంలో "రూములో పడ్డాడు" అని ఉంటే ఈ హక్కు కోసం తర్వాత మీరే పోరాడాల్సి వస్తుంది.

ఇంగ్లీషు, అరబిక్ రాకపోతే భాష తెలిసిన తోటివాడిని తీసుకెళ్లండి. చాలా ఆసుపత్రుల్లో హిందీ, మలయాళం, తెలుగు తెలిసిన నర్సులు ఉంటారు, అడగండి.

ఇంటికి వచ్చేముందు

డిశ్చార్జ్ సమ్మరీ, రిపోర్టులు, సిక్ లీవ్ కాగితం, బిల్లు తీసుకోండి. ఫొటో తీసి ఊళ్లో ఇంటివాళ్లకు వాట్సాప్ చేయండి. రేపు మీరు ఊరికి వెళ్లి చూపించుకున్నా ఇక్కడి డాక్టర్‌కు అవే ఆధారం. క్లెయిమ్ తిరస్కరించారని చెబితే కారణం రాసి ఇమ్మని అడగండి. చాలాసార్లు ఒక కాగితం తక్కువై ఆగుతుంది, మళ్లీ పంపితే పాసవుతుంది.

కంపెనీ బీమా చేయకపోయినా, జీతంలో కోసినా కార్మిక శాఖకు 600590000 నంబరులో ఫిర్యాదు చేయొచ్చు. దుబాయ్ బీమా సంగతులకు దుబాయ్ హెల్త్ అథారిటీ నంబరు 800342. భారత ప్రభుత్వ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 80046342.

ఊళ్లో ఉన్న ఇంటివాళ్లకు ఒక మాట. ఈసారి ఫోన్‌లో "తిన్నావా?" అని అడిగాక, "కార్డు నడుస్తోందా? నీ ఆసుపత్రి ఏది?" అని కూడా అడగండి.