కుండలో నీళ్లు, ఇంటికప్పు మీది గడ్డి

మా గార్ల చుట్టుపక్కల ఏ ఊరి పేరు చివరన్నా తాండా అని ఉంటే అది కదలని చోటని అందరికీ తెలుసు. బడి ఉంటుంది, ట్యాంకు ఉంటుంది. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక చాలా తాండాలకు సొంత సర్పంచులు కూడా వచ్చారు. కానీ నాలుగు వందల ఏళ్ల కింద తాండా అంటే ఊరు కాదు, నడిచే ఎడ్ల బారు. ఆలుబిడ్డలతో, కోళ్లతో కుక్కలతో, ఉప్పూ ధాన్యమూ మోసుకుంటూ సాగిపోయే బిడారుకు ఆ పేరు. కదిలేదానికి పెట్టిన పేరు ఆగినదానికి మిగిలిపోయింది. ఈ ముక్క చదివిన రోజు నాకు పనేం సాగలేదు.

అసలు ఇది వెతకడానికి కారణం మా మేనల్లుడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని, కరోనా నాటి నుంచి ఇంట్లోంచే. ఇప్పుడు ఆ ఇల్లు కూడా ఎందుకంటాడు. వ్యాన్ కొని, అందులో మంచం, పొయ్యి, పైన సోలార్ పలకలు బిగించుకుని, ల్యాప్‌టాప్ పట్టుకుని ఊళ్లు తిరుగుతాడట. "కిరాయి కట్టే పైసలతోని డీజిల్ కొట్టిస్త మామా. మన దిక్కు ఇట్ల బతికినోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగాడు. ఉన్నారా అంటే, మన దిక్కు నిండా వాళ్లే, తాండాల లంబాడీలు.

ఇంగ్లీషు యాత్రికుడు పీటర్ మండీ 1632లో ఉత్తరాది దారిలో ఒక తాండాకు ఎదురుపడ్డాడు. 14,000 ఎడ్లు, అన్నిటి మీదా ధాన్యమే. అలాంటి తాండాలో ఆడా మగా పిల్లలూ కలిపి ఆరేడు వందల మంది ఉంటారని రాశాడు. లెక్కేస్తే మనిషికి ఇరవై ఎడ్లు! షావుకార్లు కిరాయికి పిలిస్తే పోతారు గానీ, ఎక్కువగా వ్యాపారం వాళ్లదే. చవకైన చోట కొని, పిరమైన చోట అమ్మి, తిరుగుదారికి ఉప్పో చక్కెరో ఎక్కించుకుంటారు. రోజుకు ఆరేడు మైళ్లే నడక. అంటే గార్ల నుంచి డోర్నకల్ పోయేసరికి వాళ్లకు పొద్దుగూకేది. బరువు దించగానే ఎడ్లను మేతకు వదిలేస్తారు, వద్దనేవాడు లేడు. ఈ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. అంత నిదానంగా నడిచీ లాభం మిగిలిందంటే కిటుకు అదే. వాళ్ల డీజిల్ దారి పక్కనే మొలిచేది.

గోలకొండ వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియేకు మాత్రం వీళ్ల మీద విసుగే. పదీ పన్నెండు వేల ఎడ్ల బారు ఇరుకు దారిలో ఎదురైతే, అది దాటిపోయేదాకా రెండు మూడు రోజులు పక్కన కూర్చోవలసిందే. వీళ్లలో నాలుగు తెగలున్నాయనీ, గోధుమ, బియ్యం, పప్పులు, ఉప్పు ఒక్కొక్క తెగ వంతనీ రాశాడు. లంబాడీ అన్న పేరే ఉప్పుకు సంస్కృతంలో ఉన్న లవణం నుంచి వచ్చిందని కొందరంటారు.

నాకు అన్నిటికన్నా ముచ్చటైంది రాగిరేకు కథ. 1630 ప్రాంతంలో షాజహాన్ వజీరు ఆసఫ్ ఖాన్ దక్కను మీదికి వచ్చినప్పుడు, భంగీ, జంగీ అనే ఇద్దరు నాయకులు 1,80,000 ఎడ్లతో సైన్యానికి తిండి మోశారట. దానికి బదులుగా బంగారు అక్షరాల రాగిరేకు రాయించుకున్నారట. ఎవరి కుండలో నీళ్లయినా తాగవచ్చు. ఎవరి ఇంటికప్పు మీది గడ్డయినా పీకి ఎడ్లకు వేయవచ్చు. రోజుకు మూడు హత్యల దాకా మాఫీ. ఆసఫ్ గుర్రాలు నిలిచిన చోటల్లా వీళ్ల ఎడ్లూ నిలవవచ్చు. హత్యల మాట అలా ఉంచండి. ఇల్లు వెంటేసుకుని తిరిగేవాడికి ఏం కావాలో ఈ రేకు రాయించినవాడికి బాగా తెలుసు: నీళ్లు, మేత, ఆగే చోటు. మా వాడు మూడు నెలలుగా చూస్తున్న యూట్యూబ్ వీడియోలన్నీ చివరికి ఈ మూడింటి గురించే.

ఎక్కడ ఆగాలన్నది మనుషులు తేల్చేవాళ్లు కాదు. బారుకు ముందు ఒక ఎద్దు, దాని పేరు హతాడియా. బాలాజీకి వదిలినది కాబట్టి దాని మీద బరువు వేయరు. ఎర్రపట్టు, గవ్వలు, మెడలో చిరుగంటలు. అది అలిసి ఎక్కడ పడుకుంటే ఆ పూటకు అక్కడే మకాం. జబ్బు చేసినా దాని కాళ్ల దగ్గరే మొక్కేవాళ్లు.

మండీ కాలానికి ముందు సంగతులు పొడిపొడిగానే దొరుకుతాయి. అల్లావుద్దీన్ ఖిల్జీ బిడారు వాళ్ల ఆలుబిడ్డలను యమున ఒడ్డున కాపురం పెట్టించి ధాన్యం తెప్పించుకున్నాడని చరిత్రకారుడు బరనీ రాశాడు. తర్వాత వందల ఏళ్లు దాటేస్తే, 1799లో శ్రీరంగపట్నం మీదికి పోయిన కంపెనీ, నిజాం సైన్యాల వెనక మళ్లీ ఈ ఎడ్ల గంటలే వినిపిస్తాయి.

ఆ గంటలను ఆపింది రైలు. నిజాం రైలు 1886లో వరంగల్, 1888లో డోర్నకల్, 1889లో బెజవాడ చేరింది. మధ్యలో మా గార్ల. కోస్తా ఉప్పు వ్యాగన్‌లో వస్తుంటే ఎద్దు మీది ఉప్పు ఎవడిక్కావాలి? అడవులకు సర్కారు హద్దురాళ్లు పాతింది, మేతకు పన్నేసింది. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, తిరిగే కులాలనే అనుమానించింది. అది పోవడానికి 1952 దాకా పట్టింది. రైలు రావడం నాకు తప్పనిపించదు. కానీ దారి పక్క గడ్డి అందరిదీ అన్న మాట కూడా అదే రైలెక్కి పోయింది, అదే బాధ. ఆ తిరుగుడుకు గుర్తుగా మిగిలిందేమంటే, వరి, జొన్న పండే ఈ నేలలో శ్రావణంలో తీజ్ పండుగకు తాండా ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ నారు పోస్తారు.

ఈ తిరిగే బతుకులో వాళ్లకు దాయాదులూ ఉన్నారు. పెరిక అంటే ఎద్దు వీపున రెండు పక్కలా వేలాడే జంట సంచి, పెరిక కులానికి ఆ పేరు దాని నుంచే. నాటకమే బతుకుగా గుడారాల్లో తిరిగిన సురభి వాళ్లు కడప జిల్లాలో 1885లో కీచకవధతో మొదలుపెట్టారు. తమాషా ఏమంటే, అదే 1885లో ఇంగ్లండులో గోర్డన్ స్టేబుల్స్ అనే రిటైరైన నౌకాదళ డాక్టరు సరదా తిరుగుడు కోసమే ఒక గుర్రపుబండి ఇల్లు కట్టించుకున్నాడు. పేరు వాండరర్, బరువు రెండు టన్నులు. పిల్లల సాహస కథలు రాయడం ఆయన పని కాబట్టి దారిలోనే రాసుకున్నాడు. వర్క్ ఫ్రమ్ హోమే, కాకపోతే హోముకు చక్రాలు. ఎదురొచ్చే బండ్లను హెచ్చరించడానికి నౌకరు మూడు చక్రాల సైకిల్ మీద ముందు పోయేవాడు. ఈ రోజు వ్యాన్ బతుకు చరిత్ర రాసేవాళ్లు ఆయన దగ్గరే మొదలుపెడతారు. 14,000 ఎడ్లతో సాగినవాళ్లు అందులో లెక్కలోకి రారు.

మొన్న వానల్లో మా వాడు కిరాయి వ్యాన్‌తో వచ్చాడు, ముందు చూసుకుందామని. పాకాల ఏరు పొంగి రోడ్డు మూశారు. పెట్రోల్ బంకులో ఆపితే పొమ్మన్నారు, కల్యాణమండపం ముందు ఆపితే వాచ్‌మన్ లేపాడు. తొమ్మిదింటికి ఆఫీసు కాల్. ఫోన్ చేతిలో పట్టుకుని, సిగ్నల్ గీతలు చూసుకుంటూ నడిపాడు. నాలుగు గీతలు నిండిన చోట బండి ఆపేశాడు. తెల్లారి చూస్తే అదో తాండా చివర.

"ఎవరేమనలే మామా. ఒక ముసలమ్మ వచ్చి లోపలంత చూసి, రెండు బిందెల నీళ్లు పోయించింది," అన్నాడు.

ఆమె ఇంటికి స్లాబు. కప్పు మీద గడ్డి లేదు.