డాష్‌బోర్డు మీది పచ్చ వెలుగు

కారులో డ్రైవరు ఎదురుగా ఉండే బల్లని డాష్‌బోర్డు అని ఎందుకంటారో మనమెప్పుడూ అడగం. ఎక్కామా, ఒళ్ళో పిల్లాణ్ణి సర్దుకున్నామా, కొంగు తలుపులో పడకుండా లాక్కున్నామా, అంతే. నిజానికి ఆ పేరు గుర్రపుబండి నాటిది. గుర్రం పరుగెడుతూంటే డెక్కలు బురదని వెనక్కి చిమ్ముతాయి కదా, అది దొరల బట్టలమీదా దొరసానుల గౌనులమీదా పడకుండా బండి ముందు అడ్డంగా బిగించిన చెక్కో తోలో డాష్‌బోర్డు. గుర్రం పోయింది, బురదా పోయింది, పేరు మాత్రం కారుకి దఖలు పడింది.

మొదట్లో ఆ బల్లమీద చూడ్డానికేమీ లేదు. పోనుపోను వేగం చూపే ముల్లు, పెట్రోలు చూపే ముల్లు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. రాత్రిపూట అవి కనిపించాలి. అలాగని మరీ ధగధగలాడకూడదు. వంటింటి లైటు కిందినుంచి చీకటి పెరట్లోకి వెళ్తే కాసేపు తులసికోట కూడా ఆనదు చూడండి, కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20, 30 నిమిషాలు పడుతుంది. అందుకే ఆ దీపాలు సన్నగా ఉండాలి. కానీ సన్నదనం వేరు, గుడ్డితనం వేరు.

మా ఆడపడుచు కొడుక్కి పాత వస్తువులంటే ప్రాణం. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ జీపు ఒకటి సంపాదించాడు. యుద్ధమయ్యాక మిగిలిపోయిన జీపులు మన దేశంలో చాలానే అమ్ముడయ్యాయి లెండి. బండి బాగానే కదిలింది గానీ రాత్రయితే ముళ్ళు కనిపించవు. ఆటోనగర్ మేస్త్రీ చూసి, రోగం రెండు చోట్ల ఉందన్నాడు. బల్బులో తీగ కాలి కాలి ఆవిరై, లాంతరు చిమ్నీకి మసి పట్టినట్టు గాజుని లోపల్నించి నల్లబరిచింది. ఎర్త్ వైరు బిగించినచోట తుప్పు పట్టింది. అసలే అది 6 వోల్టుల బండి, అంత తక్కువ వోల్టుల్లో తుప్పు మింగేదే ఎక్కువ. గరుకు కాగితంతో రుద్ది, కొత్త బల్బులు వేసి అరపూటలో వెలిగించి ఇచ్చాడు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. మర్నాడు మావాడు భోజనాల బల్లమీద పేపరు పరిచి, ఆ డయళ్ళు తెచ్చి పెట్టాడు. "అత్తయ్యా, ఈ అంకెలకి రేడియం పూత ఉండేదిట. వెలిసిపోయింది. గాజు ఊడదీసి పాతది గీకేసి కొత్తది పూస్తాను" అన్నాడు. చుట్టూ పిల్లలు, ఒకడి చేతిలో జంతిక కూడాను.

"ముందవి బల్లమీంచి తియ్యి నాయనా" అన్నాను.

వాడికి విస్తుపోవడానికి కారణం ఉంది. మనకి రేడియం అంటే స్కూటరు వెనక అంటించే స్టిక్కరు. అందులో రేడియం పిసరంతైనా ఉండదు, ఎదుటి బండి లైటుని తిప్పికొడుతుందంతే. అసలు రేడియం సంగతి వేరు. 1898లో క్యూరీ దంపతులు కనిపెట్టిన ఆ లోహాన్ని రవ్వంత తీసి జింకు సల్ఫైడు పొడిలో కలిపితే చీకట్లో ఆకుపచ్చగా మెరుస్తుంది. కొన్నేళ్ళకి మెరుపు మాయమవుతుంది. రేడియం అయిపోయి కాదు, దాని తాకిడికి జింకు పొడి చెడిపోయి. రేడియం బలం సగానికి తగ్గాలంటేనే సుమారు 1600 ఏళ్ళు కావాలి! ఆరిపోయిందనుకున్న డయలు నిజానికి ఆరలేదన్నమాట. గాజు బిగించి ఉన్నంతవరకు పెద్ద భయం లేదు. గీకితేనే, ఆ ధూళి ఊపిరిలోకో నోట్లోకో పోతేనే ముప్పు. డయళ్ళు మళ్ళీ జీపులో బిగించేశాడు. బల్బులున్నాయిగా, చాల్దూ?

ఈ సంగతి లోకానికి తెలియజెప్పినవాళ్ళు ఆడపిల్లలు. 1917లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ఆరెంజ్ పట్నంలో సైనికుల గడియారాలకీ విమానాల డయళ్ళకీ ఈ పూత పూసే ఫ్యాక్టరీ పెట్టారు. పదిహేనూ పదహారేళ్ళ పిల్లలు కూడా చేరారు. మంచి జీతం, సున్నితమైన పని. రోజుకి 250 డయళ్ళ దాకా పూసేవారు. కుంచె మొన సన్నగా రావాలి గనక పెదాలమధ్య పెట్టి తడిపి మొన తీయమని నేర్పారు. నోట్లో పెట్టు, రంగులో ముంచు, పుయ్యి. ఆ కాలంలో రేడియం కలిపిన టానిక్కులు కూడా అమ్మేవారు కాబట్టి భయపడాలని ఎవరికీ తోచలేదు. గోళ్ళకి పూసుకుని ముచ్చట పడ్డారు. సాయంత్రం ఇంటికి వెళ్తూంటే జుట్టూ బట్టలూ మినుకుమనేవిట. అదే కంపెనీలో రసాయన శాస్త్రజ్ఞులు మాత్రం సీసపు తెరలు అడ్డుపెట్టుకుని, పటకార్లతో పట్టుకుని పనిచేసేవారు. నాకన్నిటికన్నా ఒళ్ళు మండేది ఇక్కడే.

రేడియాన్ని మన ఒళ్ళు కాల్షియమనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. ముందు పళ్ళు కదిలాయి, తరవాత దవడ ఎముక పొడి అయింది. 1922లో మోలీ మాగ్గియా అనే అమ్మాయి చనిపోతే సుఖరోగమని రాసేశారు! 1927లో ఆమె శవపేటికని పైకి తీసి పరీక్షిస్తే ఎముకల్లో రేడియం ఉంది. చనిపోయాక ఐదేళ్ళకి ఆ పిల్ల పేరు కడుక్కుంది.

గ్రేస్ ఫ్రయర్ అనే అమ్మాయి కేసు పట్టుకునే వకీలు కోసం రెండేళ్ళు తిరిగింది. 1927లో మరో నలుగురితో కలిసి దావా వేసింది. అందులో ఇద్దరు మోలీ అక్కచెల్లెళ్ళే. కోర్టులో ప్రమాణం చెయ్యడానికి చెయ్యి ఎత్తలేనివాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. అయినా, సాక్షులు కొందరు వేసవికి ఐరోపా వెళ్తున్నారని కేసు సెప్టెంబరుకి వాయిదా వేశారు. పత్రికలు దుమ్మెత్తిపోశాక 1928 జూన్‌లో రాజీ కుదిరింది: మనిషికి 10,000 డాలర్లు, ఏడాదికి 600, వైద్యం ఖర్చులు. గ్రేస్ 1933లో, 34 ఏళ్ళకి పోయింది.

ఇల్లినాయ్ రాష్ట్రం ఒట్టావాలో ఇలాంటిదే మరో ఫ్యాక్టరీ. అక్కడ పనిచేసిన కాథరిన్ డోనహ్యూ విచారణలో కుప్పకూలితే, మిగతా వాఙ్మూలం ఆమె ఇంట్లోనే సోఫామీద పడుకోబెట్టి తీసుకున్నారు. 1938లో గెలిచింది. ఆ ఏడే కన్నుమూసింది. కంపెనీ పై కోర్టులకెక్కుతూనే ఉంది, 1939లో సుప్రీంకోర్టు వినిపించుకోలేదు. ఆ తరవాత ఇలాంటి డయళ్ళు పూసేవాళ్ళకి చేతి తొడుగులూ గాలి పీల్చే యంత్రాలూ వచ్చాయి. కుంచె నోట్లో పెట్టడం నిషేధమైంది.

ఒట్టావా ఊళ్ళో 2011లో వాళ్ళకొక కంచు విగ్రహం నిలబెట్టారు. ఒక స్కూలుపిల్ల పట్టుదల అది, బొమ్మ చేసింది ఆ పిల్ల తండ్రే. గడియారపు డయలు మీద ఒకమ్మాయి నిలబడి ఉంటుంది. ఒక చేతిలో ట్యూలిప్ పువ్వు, రెండో చేతిలో కుంచె.