పేడ అలికిన కోర్టు

2005 ఫిబ్రవరి 12. సూర్యాపేట బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో టీవీ ముందు గుంపు. హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో సానియా మీర్జా ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొండరెంకోను 6-4, 5-7, 6-3 తేడాతో ఓడించిందని వార్త. డబ్ల్యుటిఎ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ. వయసు పద్దెనిమిదేళ్లు. నా పక్కన కూర్చున్న ముసలి దర్జీ కళ్లు తుడుచుకుంటూ "అప్నీ బచ్చీ హై" అన్నాడు. అవతలి బల్ల దగ్గర లారీ డ్రైవరు ఒకాయన "మన హైద్రాబాద్ పిల్ల" అన్నాడు. అమ్మాయి ఒక్కతే, "మన"లు రెండు. ఆ సాయంత్రం వాటి మధ్య తేడా కనిపించలేదు. తెలుగు, ఉర్దూ రెండింట్లో రాసుకు బతికే నాలాంటివాడు ఆ రెండింటి నడుమ నిశ్చింతగా చాయ్ తాగిన సాయంత్రాలు చాలా తక్కువ.

ఆ రెండు "మన"లు ఎంతకాలం కలిసున్నాయి? ఎవరు విడదీశారు? సానియా తొలినాళ్ల ఆట గురించి చెప్పుకోవడమంటే నా మటుకు ఈ లెక్క తేల్చుకోవడమే.

సానియా 1986 నవంబరు 15న బొంబాయిలో పుట్టింది. మూడు వారాల పసిగుడ్డుగా హైదరాబాద్ చేరింది. ఆరేళ్లకు రాకెట్ పట్టింది. మరీ చిన్నపిల్ల అని కోచ్ మొదట వద్దన్నాడు. నెల తిరిగేసరికి ఆయనే తల్లిదండ్రుల్ని పిలిచి, మీ పిల్ల ఆట వచ్చి చూడమన్నాడు. తండ్రి ఇమ్రాన్ మీర్జా తర్వాత తానే ఆమెకు కోచ్ అయ్యాడు. అప్పట్లో తాను పేడ అలికిన కోర్టుల మీద ఆడానని సానియా చాలాసార్లు చెప్పుకుంది. పేడ అలికిన నేల మన నల్లగొండ పల్లెల్లో ఎవరెరుగరు? ఆ నేల మీద ఆడే పిల్లను నీ మతమేదని ఎవరూ అడగలేదు. అడగడం గెలిచాకే మొదలైంది.

2002 బూసాన్ ఆసియా క్రీడల్లో లియాండర్ పేస్ జోడీగా మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం. 2003లో రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవాతో కలిసి వింబుల్డన్ జూనియర్ డబుల్స్ టైటిల్. అదే ఏడాది హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో నాలుగు బంగారు పతకాలు. 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండు దాకా వెళ్లి సెరీనా విలియమ్స్ చేతిలో 6-1, 6-4తో ఓడింది. మార్చిలో దుబాయ్‌లో, అప్పటి యుఎస్ ఓపెన్ చాంపియన్ స్వెత్లానా కుజ్నెత్సోవాను ఓడించింది. సెప్టెంబరులో యుఎస్ ఓపెన్ నాలుగో రౌండు చేరింది. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో అంతదూరం పోయిన భారతీయ మహిళ అంతకుముందు లేదు. 2007 ఆగస్టుకల్లా ప్రపంచంలో 27వ ర్యాంకు.

ఇదంతా ఆట చరిత్ర. దీని పక్కనే ఇంకో చరిత్ర నడిచింది.

ఆ 2005 సెప్టెంబరులోనే ఆమె పొట్టి బట్టల మీద కొందరు ముల్లాలు ఫత్వా అన్నారు. కలకత్తా టోర్నీలో పోలీసు కాపలా పెంచవలసి వచ్చింది. ఆమె ఫోర్‌హాండు గురించి రాయాల్సిన పత్రికలు స్కర్టు పొడవు కొలిచాయి. ఆ కొలతబద్ద మావాళ్ల చేతిలోనే ఉందని దాచుకుంటే లాభం లేదు. 2007 డిసెంబరులో హైదరాబాద్ మక్కా మసీదు దగ్గర ప్రకటన చిత్రీకరణ మీద గొడవ. ఆమె క్షమాపణ చెప్పుకుంది. 2008 జనవరిలో, పెర్త్‌లో హాప్‌మన్ కప్ చూస్తూ జాతీయ జెండా వైపు కాళ్లు పెట్టిందని ఒక ఫొటో పట్టుకుని భోపాల్‌లో కేసు పెట్టారు. మసీదును అవమానించావని ఒకరు, జెండాను అవమానించావని ఇంకొకరు. రెండుచోట్లా బోనులో నిలబడింది ఆ ఇరవై ఒక్కేళ్ల పిల్లే. విసిగిపోయి ఆ ఏడు బెంగళూరు టోర్నీ ఆడనంది. స్వదేశంలో ఆడితే ఏదో ఒక తంటా వస్తుందని ఒక క్రీడాకారిణి అనుకోవడం మామూలు సంగతా?

2010లో పాకిస్తాన్ క్రికెటర్ షోయబ్ మాలిక్‌ను పెళ్లాడింది. 2014 జులైలో తెలంగాణ ప్రభుత్వం బ్రాండ్ అంబాసిడర్‌గా నియమిస్తే, బీజేపీ శాసనసభ్యుడు కె. లక్ష్మణ్ ఆమెను "పాకిస్తాన్ కోడలు" అన్నాడు. అప్పుడు సానియా ఒక ప్రకటన ఇచ్చింది. తాత జఫర్ మీర్జా నిజాం రైల్వేలో ఇంజనీరు. ముత్తాత అహ్మద్ మీర్జా గండిపేట కట్టడంలో పాలుపంచుకున్న ఇంజనీరు. ఆయనకూ ముందుతరం అజీజ్ మీర్జా నిజాం దగ్గర హోం సెక్రటరీ. 1908 మూసీ వరదల్లో సహాయ పనులు చేశాడు. ఇదీ ఆమె చూపించుకున్న వంశావళి.

ఆ ప్రకటన చదివి ముందు గర్వపడ్డాను. గండిపేట నీళ్లు తాగిన నగరం, ఆ చెరువు కట్టినవాళ్ల మునిమనవరాలిని పరాయిదంటుందా అని కోపమొచ్చింది. తర్వాత భయమేసింది. సానియాకు చూపించడానికి గండిపేట ఉంది. కోదాడ బస్టాండు దగ్గర పండ్లబండి తోసే సాయిబుకు ఏముంది? మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోసే హమాలీకి, ఊరూరూ తిరిగి దూది ఏకిన దూదేకులాయనకు ఏ తాత ఫర్మానా ఉంది? వాళ్ల తాతలూ ఈ మట్టిలోనే కలిశారు. కాకపోతే ఏ రికార్డులోనూ పేరెక్కలేదు. దేశం నీదని చెప్పుకోవడానికి వంశవృక్షం కావాలంటే మాలో నూటికి తొంభైమంది ఓడిపోతాం. అసలు ఆ రుజువు అడగడమే తప్పని చెప్పాలి తప్ప రుజువులు వెతుక్కుంటూ పోకూడదు.

ఇంకో మాట కూడా దాచకూడదు. హైదరాబాద్ ముస్లింలకు టెన్నిస్ కొత్తదేం కాదు. సయ్యద్ మహమ్మద్ హాదీ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడాడు. రంజీ ట్రోఫీలో మొదటి సెంచరీ కొట్టిందీ ఆయనే. కానీ అది క్లబ్బుల ఆట, పైవాళ్ల ఆట. సానియా ఇల్లూ చదువుకున్న ఇల్లే. అక్కడ తండ్రి వెంట ఉన్నాడు, రాకెట్ కొనిచ్చే స్తోమత ఉంది. ఆమె కష్టం తక్కువని కాదు, ఆ తలుపు ఎవరికి తెరుచుకుంటుందో చెబుతున్నా.

తెరుచుకోని తలుపు ఒకటి నేను చూశాను. మిర్యాలగూడలో మా ఖాలా కూతురు అప్పుడు ఎనిమిదో తరగతి. వంద మీటర్ల పరుగులో బడిలో ఆమెను మించినవాళ్లు లేరు. స్పోర్ట్స్ స్కూలు సెలక్షన్లకు పంపమని పీఈటీ సార్ ఇంటికొచ్చి అడిగాడు. ఖాలూ చేతిలో ఫత్వా వార్త ఉన్న ఉర్దూ పేపరు. "అంత పెద్దింటి సానియాకే తప్పలేదు. రేపు నా బిడ్డనంటే అడ్డమొచ్చేదెవరు? చార్జీలకు పైసలెక్కడివి?" అన్నాడు. అది మతం మాటా, భయం మాటా, పేదరికం మాటా అంటే ఇప్పటికీ విడదీయలేను. ఆ వారమే నేను సానియాను సమర్థిస్తూ తెలుగులో వ్యాసం రాశాను. జేబులో ఆ కాగితం ఉంది. "భాయ్, అబ్బాకు నువ్వు చెప్పవా?" అని ఆ పిల్ల నా మొఖంలోకి చూసింది. నేను చాయ్ తాగి లేచొచ్చాను.

పేపర్లో సానియా తరఫున మాట్లాడటం తేలిక. ఇంట్లో ఒక పిల్ల తరఫున మాట్లాడటానికి నాకు నోరు రాలేదు. రెండు "మన"లనూ విడదీసినవాళ్ల జాబితా రాస్తే అందులో ముల్లా ఉంటాడు, దేశభక్తి పరీక్షలు పెట్టేవాడు ఉంటాడు. కింద ఎక్కడో నా పేరూ రాయాలి.

సానియా 2015లో డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు గెలిచి 2023 ఫిబ్రవరిలో ఆట విరమించింది. మా ఖాలా కూతురికి పద్దెనిమిదేళ్లకే పెళ్లయింది. ఆమె బిడ్డ ఇప్పుడు ఎనిమిదో తరగతి, బడి జట్టులో ఖోఖో ఆడుతుంది. మొన్న పండక్కి వచ్చినప్పుడు "మామూ, బూట్లు కావాలె" అంది. కొనిచ్చాను. ఈసారి ఎవరైనా వద్దంటే లేచొచ్చేయను, అక్కడే కూర్చుని మాట్లాడతాను.