దోమ కడుపులోని సాక్ష్యం

1897లో సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా దోమల వల్ల వస్తుందని కనిపెట్టాడు. పిల్లవాడు ఈ ఒక్క వాక్యం వల్లిస్తాడు, మార్కు తెచ్చుకుంటాడు. ఎందుకు నమ్మావురా అంటే "పుస్తకంలో ఉందండీ" అంటాడు. మన తార్కికులు దీన్నే శబ్దప్రమాణమన్నారు. వేదం పోయి వాచకం వచ్చింది, అంతే తేడా.

ఆ ఆగస్టు 20న బేగంపేటలో రాస్ నిజంగా చూసిందేమిటి? హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి, కుట్టించాడు. నాలుగు రోజుల తర్వాత ఒక దోమను కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, కడుపు గోడలో నల్లని రేణువులున్న గుండ్రని కణాలు కనిపించాయి. ఆ రేణువులు మలేరియా క్రిమిలో ఉండేవాటిలాంటివే. మర్నాడు మిగిలిన దోమను కోశాడు. అందులోనూ ఉన్నాయి, పైగా నిన్నటికన్న పెద్దవి! అంతకుముందు వేరే జాతి దోమలను ఎన్నిటిని కోసినా ఇటువంటివి కనిపించలేదు. పెరుగుతున్నది కనుక ప్రాణమున్నదే అయివుండాలి. అనుమానప్రమాణం బలమైనదే. కాని దోమ కుడితే మనిషికి జ్వరం వస్తుందనడానికి అది చాలదు.

ఆ సంగతి రాస్‌కు తెలుసు. దోమలు చచ్చిన నీళ్లు తాగితే మలేరియా వస్తుందేమోనని మాన్సన్ ఊహించాడు. 1895లో రాస్ ఆ నీళ్లు తాగించిన ఒకతనికి జ్వరం రానే వచ్చింది. తర్వాత మరికొందరికి తాగిస్తే రాలేదు. మొదటివాడి దగ్గరే ఆగివుంటే? (వలసపాలనలో పేదల ఒంటిమీద ఇటువంటి పరీక్షలు జరగడం వేరే వ్యాసానికి తగిన విషయం.)

రాస్ కవి కూడా. ఆ రోజుల్లోనే పద్యం రాసి, అసంఖ్యాకుల ప్రాణాలు నిలుస్తాయని పొంగిపోయాడు. డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన వ్యాసం పేరు మాత్రం, మలేరియా రక్తం తాగిన రెండు దోమల్లో కనిపించిన కొన్ని వింత కణాల గురించి అని. రెండే దోమలు! సాహిత్యం చెప్పుకునే నాకు పద్యం మీదే మనసు పోతుంది గాని, తరగతిలో ముందు చదివించవలసింది ఈ శీర్షికనే.

మిగతా సాక్ష్యం పలువురు కూర్చారు. 1898లో కలకత్తాలో రాస్ దోమకాటుతో ఆరోగ్యమైన పిచ్చుకలకు పక్షిమలేరియా అంటించి చూపాడు. ఆ ఏడాదే ఇటలీలో గ్రాస్సీ బృందం మనుషుల విషయం తేల్చింది. 1900లో రోమ్‌లో రోగుల రక్తం తాగిన దోమలను లండనుకు తెప్పించి మాన్సన్ తన కొడుకునే కుట్టించాడు, జ్వరం వచ్చింది. అదే ఏడు రోమ్ దగ్గర, మలేరియా విడవని మైదానంలో, దోమతెరలు బిగించిన గుడిసెలో రాత్రులు గడిపినవారికి రాలేదు. వారు పీల్చిందీ చుట్టుపక్కలవాళ్లు పీల్చిన గాలే. ఆ జబ్బుకు ఇటలీవాళ్లు పెట్టిన పేరుకు అర్థం చెడుగాలి అని.