ఒకే మాటకు రెండు లెక్కలు



మా బొల్లాపల్లి ప్రాంతపు పలుకుబడులను కొంతకాలంగా ఫైళ్లకెక్కిస్తున్నాను. టైపు చేసి పెట్టినవాడు నా పూర్వ విద్యార్థి. ఫైలు చేతులు మారినపుడు అక్షరం చెడకుండా, ప్రతి మాట పక్కనా దాని బైట్ల సంఖ్య వ్రాసి, ఆ లెక్కను సరిచూచే చిన్న షెల్ స్క్రిప్టు నొకదానిని కూర్చుకొన్నాను. నా ఉబుంటులో అన్నీ సరిపోయినవి. ఆ అబ్బాయి మాక్‌లో ఒక్కటీ సరిపోలేదు.

"ఏమిరా, ఫైళ్లు చెడగొట్టావా?" అని ఫోనులోనే మందలించాను.

"నేనసలు ముట్టుకోలేదు మాష్టారూ" అన్నాడు. నేను నమ్మలేదు.

'తెలుగు' అన్నది మనకు మూడక్షరాల మాట. యూనికోడులో ఆరు సంకేతాలు: మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కదానికి మూడు బైట్లు, వెరసి 18. నా యంత్రం 18 అన్నది. మాక్ 22 అన్నది. ఏ మాట చూచినా తేడా సరిగ్గా నాలుగే. చెడిన ఫైలు ఇంత క్రమశిక్షణతో చెడదు గదా!

మూలం వెదుకగా యూనిక్స్ చరిత్రలో తేలింది. 1979లో బెల్ ల్యాబ్స్ ఏడవ యూనిక్స్‌తో స్టీఫెన్ బోర్న్ వ్రాసిన షెల్ వెలువడినది. ఆ యూనిక్స్‌లో 'ఎకో' ఆదేశానికి 'హైఫన్ ఎన్' తగిలిస్తే చివర కొత్త పంక్తి గుర్తు పడదు. బర్క్లీ శాఖ ఈ ఆచారాన్నే నిలుపుకొన్నది. ఏటీ అండ్ టీ వారి సిస్టమ్ ఫైవ్ శాఖలో అదే పని పాఠం చివర వెనుకవాలు గీత, 'సి' చేర్చి చేయాలి; అక్కడ 'హైఫన్ ఎన్' కూడా అచ్చు పడవలసిన పాఠమే. 1992 నాటి పోసిక్స్ ప్రమాణం ఎవరినీ కాదనలేక ఈ సంగతిని ఆయా వ్యవస్థల ఇష్టానికి వదలి, 'ప్రింట్‌ఎఫ్' అనే కొత్త ఆదేశాన్ని వాడుడని సూచించినది. ప్రయోగశరణం వ్యాకరణమన్న మన న్యాయం అక్కడా చెల్లినదన్నమాట.

మాక్‌లోని 'ఎస్‌హెచ్' రెండవ శాఖ ఆచారాన్ని పాటిస్తుంది. కనుక హైఫను, 'ఎన్', ఒక ఖాళీ, పంక్తి చివరి గుర్తు, ఈ నాలుగూ నా మాటలతోపాటు లెక్కలో పడినవి. 'ఎకో' తీసి 'ప్రింట్‌ఎఫ్' పెట్టగానే రెండు చోట్లా 18 వచ్చినది.

ఇది మాక్‌కు మాత్రమే చెందిన చిక్కు కాదు. 2006 అక్టోబరులో ఉబుంటువారు 'ఎస్‌హెచ్'ను బ్యాష్ నుండి డ్యాష్‌కు మార్చినపుడు, పోలికకు ఒక సమాన చిహ్నం చాలునన్న చోట రెండు వాడిన స్క్రిప్టులు తప్పినవి. బ్యాష్ ఒప్పుకొన్నదంతా ప్రమాణమేనని వ్రాసినవారు నమ్మారు. నేనూ అంతే, నా ఇంటి యాసనే వ్యాకరణమనుకొన్నాను.

మామూలు ప్రోగ్రాము తప్పితే పని ఆగుతుంది. పరీక్షించే ప్రోగ్రాము తప్పితే నిరపరాధి మీద నేరం పడుతుంది. ఇన్నేళ్లు జవాబు పత్రాలు దిద్దిన నేను, ప్రశ్నపత్రమే తప్పయి ఉండవచ్చునని ఒక్కసారీ అనుకోలేదు.

అబ్బాయికి ఫోను చేసి, "తప్పు నాదేరా" అన్నాను. వాడు నవ్వి, "మరి నాకు పూర్తి మార్కులేనా మాష్టారూ?" అన్నాడు.