11 పంక్తుల లోటు: జావాస్క్రిప్ట్ చరిత్రలో ఒక ఘట్టం

బటన్లు, ఫారాలు వంటి తెరభాగాలను సిద్ధంగా అందించే జావాస్క్రిప్ట్ కాంపోనెంట్ లైబ్రరీ సాధారణంగా ఇతరుల ప్యాకేజీలపై ఆధారపడుతుంది. ఆ ప్యాకేజీలు మరికొన్నిటిపై ఆధారపడతాయి. 2010లో మొదలైన ఎన్‌పీఎం భాండాగారం ఈ పరస్పర వినియోగాన్ని సులభం చేసింది. అందులోని ప్రమాదం 2016 మార్చి 22న అందరికీ తెలిసివచ్చింది.

‘కిక్’ అనే ప్యాకేజీ పేరును అదే పేరు గల సంస్థకు ఎన్‌పీఎం అప్పగించడాన్ని నిరసిస్తూ, ప్రోగ్రామర్ అజెర్ కోచులు తన ప్యాకేజీలన్నిటినీ ఉపసంహరించుకున్నారు. వాటిలో ‘లెఫ్ట్-ప్యాడ్’ ఒకటి. పాఠానికి ఎడమవైపు ఖాళీలనో సున్నాలనో చేర్చడమే దాని పని. నిడివి 11 పంక్తులు. రియాక్ట్ కాంపోనెంట్ల అనువాదానికి విరివిగా వాడే బేబెల్ దానిపై పరోక్షంగా ఆధారపడి ఉండడంతో ఎన్నో బిల్డ్‌లు నిలిచిపోయాయి. తమ కోడ్‌లో ఒక్క అక్షరం మారకున్నా, పేరైనా వినని ప్యాకేజీ దొరకలేదన్న 404 దోషం ఎదురైంది. కొద్ది గంటల్లోనే ఎన్‌పీఎం ఆ ప్యాకేజీని పునరుద్ధరించింది.

అనంతరం ఉపసంహరణపై ఎన్‌పీఎం ఆంక్షలు విధించింది. 2016 అక్టోబరులో వచ్చిన యార్న్, 2017లో వచ్చిన ఎన్‌పీఎం 5 లాక్ ఫైలును వాడుకలోకి తెచ్చాయి. లాక్ ఫైలు వెర్షన్లను స్థిరపరచగలదే కాని, తొలగించిన ప్యాకేజీని తిరిగి తేలేదు. అందుకే ఆ రెండు మార్పులూ అవసరమయ్యాయి.

బిల్డ్ దోషానికి కారణం ఎల్లప్పుడూ సొంత కోడ్‌లోనే ఉండదని ఈ ఘటన నిరూపించింది. పంచుకున్న రచనపై రచయిత హక్కు ఎంతవరకు అన్న ప్రశ్నకు మాత్రం ఆంక్షలు పరిధి నిర్ణయించాయే తప్ప సమాధానం చెప్పలేదు.